199 కిలోల నుంచి 140 కిలోలకు: ఒక బండి మార్పు కేసు

యాభై ఐదు దాటిన వాళ్లు మా వర్క్‌షాపుకు వచ్చి "పెద్ద బండి మోయలేకపోతున్నాను, అమ్మేసి చిన్నది తీసుకోమంటారా?" అని అడగడం ఈమధ్య బాగా ఎక్కువైంది. వాళ్లకు చుట్టుపక్కల దొరికే సలహాలు రెండే. "వయసు మీద పడింది, స్కూటీ కొనుక్కోండి" అనేది ఒకటి. "ఎన్‌ఫీల్డ్ నడిపిన చేతులతో స్ప్లెండర్ ఎలా నడుపుతారు" అనేది రెండోది. మనిషిని చూడకుండా, బండిని తూచకుండా చెప్పే మాటలవి. ఒకే ఒక మనిషి విషయంలో మేము ఏం చూశామో, ఏ లెక్కలు కట్టామో, నిర్ణయం ఎక్కడ మలుపు తిరిగిందో పూర్తిగా రాస్తే అదే ప్రశ్నతో సతమతమయ్యేవాళ్లకు పనికొస్తుందనిపించింది. ఆయన అనుమతి తీసుకుని, ఆయన ఎవరో తెలిసే వివరాలు తీసేసి రాస్తున్నాను.

మా వర్క్‌షాపు విశాఖపట్నంలో. ఈ ఊరు తెలియని వాళ్లకు ముందే ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ చాలా కాలనీలు కొండవాలు మీద కట్టినవి. ఇంటి గేటు ముందు ర్యాంపు, ర్యాంపు దిగగానే ఏటవాలు వీధి. ఇంజను ఆపేసి బండిని చేత్తో తోయాల్సిన అవసరం విజయవాడ వాళ్లకంటే మాకు ఎక్కువ. దానికి తోడు సముద్రపు గాలి. కేబుళ్లు, బేరింగులు, స్పోకులు తొందరగా తుప్పు పడతాయి. ఈ కేసులో వాలుకూ తుప్పుకూ రెండింటికీ వాటా ఉంది.

వచ్చిన ఫిర్యాదు

ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మేమంతా మాస్టారు అంటాం. వయసు 61, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2020 నాటి బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) మోడల్. 411 సీసీ, 24 హార్స్‌పవర్ పైచిలుకు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, పెట్రోలుతో కలిపి బరువు 199 కిలోలు. లద్దాఖ్ చూసి రావాలన్న కోరికతో కొన్న బండి అది. వెళ్లారు కూడా, మనాలి మీదుగా లేహ్, అక్కడి నుంచి ఖర్దుంగ్ లా. ఆ తర్వాత కొన్నేళ్లు అరకు, లంబసింగి, మారేడుమిల్లి. క్రమంగా తోటివాళ్లు తగ్గిపోయారు, ప్రయాణాలు తగ్గిపోయాయి. బండి మాత్రం గేటు లోపల అలాగే ఉంది.

"తమ్ముడూ, దీన్ని ఇచ్చేసి స్ప్లెండర్ తీసుకుందామనుకుంటున్నాను. నీ ఉద్దేశం ఏమిటి?" అన్నారు.

కారణాలు అడిగాను. గేటులోంచి బయటికి తీసేసరికి ఆయాసం వస్తోందట. మలుపుల్లో హ్యాండిల్ బరువుగా తిరుగుతోందట. ఎడమ భుజం రాత్రిళ్లు లాగుతోందట. ఇంటి ముందు వాలులో ఆగి ఉండగానే బండి ఎడమ పక్కకు ఒరిగి పడిపోయిందట. దెబ్బలేమీ తగల్లేదు, కానీ లేపడానికి ఇద్దరు రావాల్సి వచ్చింది. అది జరిగిన రోజు నుంచి బండి తీయాలంటేనే మనసు రావడం లేదన్నారు. చివర్లో, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "మా ఇంటావిడ కూడా ఎక్కడం మానేసింది" అన్నారు.

ఆ చివరి వాక్యాన్ని నేను జాబ్ కార్డు మీద అన్నిటికంటే పైన రాసుకున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

భుజం సంగతి మాత్రం నా పని కాదు. ఎముకల డాక్టరును కలిసి, హ్యాండిల్ పట్టుకుని బరువు ఆపడం ఈ భుజానికి మంచిదేనా అని ప్రత్యేకంగా అడిగి రమ్మన్నాను. వెళ్లి వచ్చారు. భుజం కీలు బిగుసుకుపోవడం మొదలైందనీ, వ్యాయామంతో తగ్గుతుందనీ, హఠాత్తుగా బరువు లాగే పనులు వద్దనీ చెప్పారట. ఈ "హఠాత్తుగా" అన్న మాటే మా లెక్కలన్నిటికీ మూలమైంది.

ముందు ఉన్న బండిని సరిచేశాం

ఇబ్బంది బండి స్థితిలో ఉందో, బండి రకంలో ఉందో తేలకుండా అమ్మకం మాట ఎత్తకూడదని నా నియమం. సర్వీసు లేక మొరాయించే బండి మీద విసుగుతో కొత్తది కొన్నవాళ్లు, ఏడాది తిరిగేసరికి ఆ కొత్తదానితోనూ అదే విసుగు పడటం చూశాను.

బండిని స్టాండు ఎక్కించి ముందు చక్రం గాలిలో ఉంచి హ్యాండిల్ తిప్పాం. మధ్యలో ఒకచోట పట్టినట్టు ఆగుతోంది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, విప్పితే గ్రీజు పూర్తిగా ఎండిపోయి, బాల్ రేసుల మీద తుప్పు చారలు ఉన్నాయి. ఎక్కువకాలం ఆరుబయట, ఉప్పు గాలిలో నిలబడిన ఏ బండికైనా పట్టే గతే అది. క్లచ్ కేబుల్ లోపలి తీగ ఒకటి రెండు పోగులు తెగి, తొడుగులో గీసుకుంటోంది. ముందు టైరులో గాలి బాగా తక్కువ. హ్యాండిల్ మలుపులో కనిపించిన బరువు, ఎడమ చేతి శ్రమ చాలావరకు ఈ మూడింటివల్లే.

అసలు విషయం వెనక షాక్ దగ్గర దొరికింది. లద్దాఖ్ వెళ్లేటప్పుడు సామాను బరువుకు సరిపోయేలా స్ప్రింగును చివరి దాకా బిగించారు. తిరిగొచ్చాక ఎవరూ వదులు చేయలేదు. అంత బిగించిన స్ప్రింగు ఒక్క మనిషి కూర్చుంటే దిగదు. అంటే ఆయన ఇన్నేళ్లూ కంపెనీ చెప్పిన ఎత్తులోనే, ఇంకా చెప్పాలంటే అంతకంటే ఎత్తుగా అనిపించే సీటు మీద, మునివేళ్ల మీద నిలబడి నడిపారు. ఎన్‌ఫీల్డ్ అయినా మరొకటి అయినా, దూర ప్రయాణానికి బిగించిన షాక్‌ను తిరిగొచ్చాక వదులు చేయించుకునేవాళ్లు చాలా తక్కువ. మీ బండి ఎత్తుగా అనిపిస్తే ముందు అక్కడ చూడండి.

హ్యాండిల్‌ను కూడా నిలబడి నడపడానికి అనువుగా ముందుకు తిప్పి బిగించి ఉంది. కూర్చుని నడిపే మనిషికి అది భుజాలు చాచే భంగిమ. వెనక్కి తిప్పాం. సామాను కట్టే ఇనుప చట్రాలు, జెర్రీ క్యాన్ ఫ్రేము, వెనక పెద్ద పెట్టె అన్నీ విప్పేశాం. పక్కన పేర్చి చూస్తే ఒక చిన్నపాటి గ్యాస్ బండంత బరువు కనిపించింది.

కొత్త కోన్ సెట్, కేబుల్, గాలి, షాక్ సర్దుబాటు. రెండు వారాలు నడిపి వచ్చి "సగం బాధ పోయింది తమ్ముడూ" అన్నారు. ముఖంలో కూడా ఆ తేలిక కనిపించింది. ఇక్కడితో ఆగిపోయి ఉంటే కేసు ముగిసిందని అనుకోవచ్చు. కానీ మిగిలిన సగం ఏమిటో అడగాలి కదా. అడిగితే చెప్పారు: "నడుస్తున్నప్పుడు బాగుంది. ఆగినప్పుడే భయం."

ఆగి ఉన్న బండి బరువు

పెద్ద బండి నుంచి చిన్న బండికి మారే విషయంలో జనం సీసీల గురించి మాట్లాడతారు. ఇంజను పరిమాణానికీ మాస్టారి భయానికీ సంబంధం లేదు. గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటిన తర్వాత ఏ బండి అయినా చాలావరకు తనను తాను నిలబెట్టుకుంటుంది. ఆ వేగం కంటే కిందనే మనిషి మోయాలి. కాబట్టి ఆగి ఉన్నప్పుడు, తోసేటప్పుడు, తిప్పేటప్పుడు ఎంత బలం కావాలో కాగితం మీద వేసి చూపించాను.

బండి బరువు కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున, హ్యాండిల్ ఒక మీటరు ఎత్తున ఉందనుకుందాం. ఇది ఉజ్జాయింపు లెక్క. పక్కన నిలబడి పట్టుకున్న బండి 10 డిగ్రీలు ఒరిగితే 199 కిలోల బండిని ఆపడానికి చేతుల మీద సుమారు 17 కిలోల బలం పడుతుంది. అది ఎవరైనా ఆపగలరు. అదే 25 డిగ్రీలు ఒరిగితే 42 కిలోలు. బండి ఆ రెండింటి మధ్య దూరాన్ని కన్నుమూసి తెరిచేలోపు దాటుతుంది. డాక్టరు వద్దన్న హఠాత్తు బరువు ఇదే. 140 కిలోల బండికి ఇవే లెక్కలు 12, 30 కిలోలు. 112 కిలోల బండికి 10, 24.

ర్యాంపు లెక్క కూడా వేశాం. ఆయన గేటు ముందు ర్యాంపు సుమారు ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేస్తుంది. దాని మీదకు హిమాలయన్‌ను తోయాలంటే 25 కిలోల బలం నిలకడగా కావాలి. 140 కిలోల బండికి 17 చాలు.

పడిపోయిన రోజు ఏం జరిగిందో ఆ చోటికే వెళ్లి చూశాం. ఆ వీధి పొడవునా వాలే కాక, వాన నీరు పోవడానికి ఎడమ అంచుకు కూడా వాలి ఉంది. వాలులో బండి వెనక్కి జారకుండా కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంచాలి. దింపగలిగేది ఎడమ కాలు ఒక్కటే. ఆ పక్కన నేల రెండు మూడు అంగుళాలు కిందికి ఉంది. అంతకుముందే మునివేళ్ల మీద ఉన్న మనిషికి కాలు అందలేదు. షాక్ సరిచేశాక కాలు అందుతోంది, కానీ అందిన కాలి మీద పడే బరువు మారలేదు. మరమ్మతుతో పోయేది పోయింది, పోనిది ఇదీ అని ఆయనకు స్పష్టంగా చెప్పగలిగాను. ఆ వీధి ఆయన ప్రతి ప్రయాణంలో రెండుసార్లు దాటాల్సిన వీధి.

ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరితో

ఒక నెలపాటు బండి తీసిన ప్రతిసారీ ఎక్కడికి, ఎంత దూరం, ఒక్కరా ఇద్దరా అని క్యాలెండరు మీద రాయమన్నాను. దాదాపు అన్నీ కూరగాయల మార్కెట్, బ్యాంకు, సింహాచలం, మనవరాలి స్కూలు. ఒక్కసారి శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా వెళ్లివచ్చారు. అందరికంటే ఆయనే ఎక్కువగా ఆశ్చర్యపోయారు. తన దృష్టిలో తాను ఇంకా దూర ప్రయాణాల మనిషి. క్యాలెండరు వేరే మనిషిని చూపించింది.

అయితే క్యాలెండరును గుడ్డిగా నమ్మడం కూడా తప్పే. జరగని ప్రయాణాలు అందులో ఉండవు. ఆయన భార్య ఎక్కడం మానేశారు కాబట్టి ఇద్దరూ వెళ్లాల్సిన ప్రయాణాలు అసలు జరగలేదు. అందుకే అమ్మగారిని కూడా ఒకసారి తీసుకురమ్మన్నాను.

ఆమె చెప్పింది రెండు నిమిషాల్లో అయిపోయింది. "నాకు ఆ బండి ఎక్కాలంటే స్టూలు కావాలి. చీర కట్టుకుని ఒక పక్కగా కూర్చోవడానికి వీల్లేదు. ఈయన పడిపోయిన తర్వాత నాకు నమ్మకం కూడా పోయింది. ఇంతకుముందు సింహాచలం ఇద్దరం వెళ్లేవాళ్లం. అరకు వెళ్దామని ఎప్పటినుంచో అంటున్నాను. ఆటోలో మార్కెట్‌కు వెళ్లడానికి నాకు ఈయన అవసరం లేదు కదా."

మాస్టారు తల దించుకున్నారు. నేను జాబ్ కార్డులో కోరిక మార్చి రాశాను. బరువు తగ్గాలి, ఇద్దరూ హాయిగా ఎక్కి దిగగలగాలి, అరకు ఘాట్ ఎక్కగలగాలి. వెనక కూర్చునే మనిషిని అడగకుండా చిన్న బండి కొన్నవాళ్లలో చాలామంది, ఆ తర్వాత ఒంటరిగానే తిరుగుతున్నారు.

చూసిన బండ్లు

మొదట ఆయన మనసు హీరో ఎక్స్‌పల్స్ 200 మీదకు వెళ్లింది. హిమాలయన్ లాగే ఉంటుంది, బరువు 160 కిలోల లోపే. కానీ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. బరువు 40 కిలోలు తగ్గి, కాలు మళ్లీ అందకుండా పోయింది. తేలిక బండి, పొట్టి బండి ఒకటి కావు. ఆయన ఎత్తుకు ఈ రెండూ కలిసి రావాలి. అమ్మగారు దాన్ని చూడగానే వద్దన్నారు.

హంటర్ 350 ఎన్‌ఫీల్డ్‌లోనే ఉండాలనుకునేవాళ్లకు తోచే మార్గం. సీటు 790, బరువు 181. పేరులో చిన్నదైనా తగ్గింది 18 కిలోలే. 25 డిగ్రీల ఒరుగుకు 42 కిలోల బదులు 38. ఆ మాత్రం తేడాకు బండి మార్చడం అనవసరం అని నేను గట్టిగానే చెప్పాను.

స్కూటరు గురించి ఆయన వినడానికి ఇష్టపడలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు, కారణం ఆయన అభిమానం ఒక్కటే కాదు. చిన్న చక్రాలు గోతుల్లో దిగినంతగా పెద్ద చక్రాలు దిగవు. ఎస్.కోట దాటిన తర్వాత వానాకాలంలో ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు తెలుసు. ఊళ్లోనే తిరిగే మనిషికైతే, ముఖ్యంగా మోకాలు పైకి ఎత్తలేని మనిషికైతే, మొదట స్కూటరే చెప్పేవాణ్ని.

ఇక స్ప్లెండర్. ఆయన అడుగుతూ వచ్చింది అదే. 97 సీసీ, 8 హార్స్‌పవర్, 112 కిలోలు, సీటు 785. వాలులో తిప్పించాను, ర్యాంపు ఎక్కించాను, సెంటర్ స్టాండు వేయించాను. అన్నిటిలోనూ ముఖం వెలిగింది. ఊరి అవసరాలకు దీన్ని మించిన బండి లేదని ఇన్నేళ్ల పనిలో నాకు గట్టి నమ్మకం. అమ్మగారికీ ఎక్కడం తేలిక. ఇద్దరూ అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేసేలా ఉన్నారు.

నేను ఆగమన్నాను. ఇద్దరూ సామానూ కలిపి 150 కిలోలు అనుకుంటే, స్ప్లెండర్ మొత్తం 262 కిలోలను 8 హార్స్‌పవర్‌తో లాగాలి. టన్నుకు 30 చొప్పున. హిమాలయన్ ఇదే బరువుతో టన్నుకు దాదాపు 70. ఈ 30 అంకె సమతలంలో బాధపెట్టదు. ఘాట్‌లో ఎక్కగలుగుతుంది కూడా, రోజూ ఎంతోమంది ఎక్కుతూనే ఉన్నారు. మూడో గేరులో, 35 - 40 వేగంతో. కానీ వెనక నుంచి వచ్చే బస్సుకు దారి ఇచ్చి మళ్లీ వేగం అందుకోవాలన్నా, మలుపులో ఆగిన లారీని దాటాలన్నా మిగులు బలం ఉండదు. దిగేటప్పుడు ఇంకో చిక్కు. వాళ్లు చూసిన మోడల్‌లో రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇద్దరితో పొడవైన దిగుడులో డ్రములు వేడెక్కితే పట్టు తగ్గుతుంది. అలవాటున్నవాళ్లు గేరు తగ్గించి ఇంజనుతోనే వేగం ఆపుకుంటారు. ఎన్నో ఏళ్లుగా డిస్క్ బ్రేకుకు, ఏబీఎస్‌కు (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) అలవాటుపడిన చేయికి, కాలికి మొదటి ఘాట్ ప్రయాణంలోనే అది రావాలనుకోవడం సరికాదు.

అప్పుడు హోండా యూనికార్న్ చూపించాను. దాని గురించి ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. 162.7 సీసీ, సుమారు 13 హార్స్‌పవర్, 140 కిలోలు, సీటు 798. ముందు డిస్క్ బ్రేకు, ముందు చక్రానికి ఏబీఎస్. చూడటానికి ఏ ఆడంబరమూ లేని ఆఫీసు బండి. ఇదే 150 కిలోలతో టన్నుకు దాదాపు 45 హార్స్‌పవర్. సీటు ఎత్తు అంకెల్లో హిమాలయన్‌తో దాదాపు సమానమే కదా అని మాస్టారు అడిగారు. మంచి ప్రశ్న. హిమాలయన్ ట్యాంకు, సీటు కలిసే చోట వెడల్పు ఎక్కువ, తొడలు పక్కకు చాచాలి. యూనికార్న్ సీటు అక్కడ సన్నం కాబట్టి కాలు నిటారుగా దిగుతుంది. కూర్చుని చూశారు, పాదం పూర్తిగా ఆనింది. కేటలాగులో సీటు ఎత్తు చూసి బండి ఎంచుకోవడం ఎందుకు కుదరదో ఇది చెబుతుంది.

సాదాతనం గురించి కూడా ఒక మాట. చిన్న బండి అంటే స్క్రూడ్రైవరుతో ఇంట్లోనే బాగుచేసుకోవచ్చన్న ఊహ ఆయనకు ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక స్ప్లెండర్‌లో కూడా పెట్రోలును గాలిలో కలిపే పాత కార్బ్యురేటర్ లేదు, సెన్సర్లు చెప్పే లెక్కతో ఇంజెక్టరు ఇంధనం పంపుతుంది. ఆ విషయంలో పెద్దా చిన్నా తేడా పోయింది. ఇప్పుడు సాదా బండి అంటే నా కొలత వేరు. హిమాలయన్‌కు స్పోక్ చక్రాలు, ట్యూబ్ టైర్లు. వెనక పంక్చరు పడితే చక్రం విప్పాలి. యూనికార్న్‌కు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. చక్రం విప్పకుండా రోడ్డు పక్కనే చిల్లులో రబ్బరు పురి గుచ్చుకుని గాలి కొట్టుకోవచ్చు. బ్రేక్ షూలు, కేబుళ్లు, ప్లగ్గు ఎస్.కోటలోనో పాడేరులోనో దొరుకుతాయి, బిగించడం అక్కడి మెకానిక్కుకు తెలుసు. అరవై దాటిన దంపతులు అడవిలో ఆగిపోతే ఈ తేడా చాలా పెద్దది.

ఘాట్ మీద

తెలిసినవాళ్ల యూనికార్న్ అడిగి తీసుకుని ఇద్దరినీ పంపించాను. నేను వెనకే వేరే బండి మీద వెళ్లాను. మొదట సింహాచలం కొండ. అక్కడ బాగుందని తేలాక, మరో ఉదయం ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్.

ఎక్కుడులో మూడో గేరులో 45 దగ్గర నిలకడగా వెళ్లారు. బిగువు మలుపుల్లో రెండో గేరుకు దిగాల్సి వచ్చింది. హిమాలయన్‌లో మూడో గేరు నుంచి మార్చకుండా లాగిన చోట్లవి. కింది వేగంలోనే దొరికే ఆ లాగుడు, అంటే 32 న్యూటన్ మీటర్ల టార్క్, యూనికార్న్‌లో లేదు, ఇందులో ఉన్నది 14 పైచిలుకు. బలం కావాలంటే ఇంజనును తిరగనివ్వాలి. మొదట్లో ఆయన పాత అలవాటుతో తక్కువ తిప్పుతో లాగించబోతే ఇంజను గింజుకుంది. గేరు ముందుగానే తగ్గించండి, శబ్దం వస్తే రానివ్వండి అని చెప్పాను. టైడా దాటేసరికి సర్దుకున్నారు. పెద్ద బండి నుంచి దిగినవాళ్లందరూ ఇక్కడే "పికప్ లేదు" అని ఫిర్యాదు చేస్తారు. వాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త గేరు అలవాటే.

దిగేటప్పుడు బ్రేకులు ఎక్కడా మెత్తబడలేదు. అనంతగిరి దగ్గర టీ కోసం వాలులో ఆగారు. ఎడమ కాలు దింపి, ఆమె దిగేదాకా బండిని అలాగే పట్టుకున్నారు. ఆ ఒక్క నిమిషం చూశాక నాకు ఇంకేమీ తేల్చుకోవాల్సింది లేకపోయింది. కాఫీ తోటల మధ్య ఆమె ఫోటోలు తీసుకున్నారు.

ఊరికి దగ్గరపడ్డాక, హైవే మీద మాత్రం తేడా స్పష్టంగా తెలిసింది. పెద్ద కంటైనర్ లారీ దాటినప్పుడు తేలిక బండి గాలికి ఊగుతుంది. 80 వేగంలో యూనికార్న్ హాయిగానే ఉంది, నాలుగు వరుసల హైవేల మీద ద్విచక్ర వాహనాలకు గరిష్ఠ పరిమితి కూడా అదే. కానీ రోజంతా 80 మీద కూర్చోవడానికి హిమాలయన్ మేలు. ఈ నష్టాన్ని దాచకుండా ఆయనకు చెప్పాను. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చి, లద్దాఖ్ మళ్లీ వెళ్లాలనిపిస్తే లేహ్ దాకా విమానంలో వెళ్లి అక్కడే బండి అద్దెకు తీసుకుంటానన్నారు. లేహ్‌లో స్థానిక రిజిస్ట్రేషన్ బండ్లు అద్దెకు ఇస్తారు. ఆ ఒక్క ప్రయాణం కోసం మిగతా ఏడాదంతా 199 కిలోలు మోయాల్సిన పని లేదు.

డబ్బు, కాగితాలు

డబ్బు మిగులుతుందని బండి మార్చేవాళ్లకు ఈ భాగం నిరాశ కలిగించవచ్చు. మాస్టారు ఏడాదికి తిరిగేది 4 వేల కిలోమీటర్ల లోపే. హిమాలయన్ లీటరుకు 30, యూనికార్న్ 50 ఇస్తాయనుకుంటే ఆదా 53 లీటర్లు. విశాఖ ధరలో 6 వేల రూపాయల లోపు. థర్డ్ పార్టీ బీమాలో, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేదానిలో, తేడా ఇంకాస్త. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 350 సీసీ దాటిన బండికి ఏడాదికి 2,804, 150 నుంచి 350 మధ్య 1,366, 75 నుంచి 150 మధ్య 714 రూపాయలు. 162.7 సీసీ కావడం వల్ల యూనికార్న్ మధ్య తరగతిలో పడుతుంది. 2020లో కొన్నప్పుడు కట్టిన ఐదేళ్ల థర్డ్ పార్టీ 2025లో ముగిసింది కాబట్టి ఈ నిర్ణయానికి సమయం కూడా కుదిరింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటినవాటికి 40 శాతమైంది. కొత్త యూనికార్న్ కొనడానికి అది కలిసొచ్చింది. అయినా పాత బండికి వచ్చిన సొమ్ము మీద కొంత కలపాల్సే వచ్చింది. ఆరోగ్యానికి, ఇద్దరి ప్రయాణానికి పెట్టిన ఖర్చుగానే చూడమన్నాను.

పాత బండి వెంటనే అమ్మవద్దన్నాను. కొత్తది వచ్చాక రెండూ నెలన్నర పక్కపక్కనే ఉండనివ్వమన్నాను. ఏ తాళం చెవి చేతికి వస్తుందో చూసుకుంటే ఇంకెవరినీ అడగనక్కర్లేదు. ఆ నెలన్నరలో హిమాలయన్‌ను ఆయన తీసింది బ్యాటరీ దిగిపోకుండా ఉండటానికే.

అమ్మేటప్పుడు రెండు జాగ్రత్తలు చెప్పాను. బండి పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకం పెట్టి కాగితాలు చేతికిచ్చి వదిలేయవద్దు. ఆర్సీలో పేరు మారేదాకా, ప్రమాదం జరిగితే బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. పేరు మారినట్టు ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే ఆయన ఆ కాగితాల కాపీలు లోపల పెట్టారు. రెండోది, బీమా క్లెయిమ్ చేయని ఏళ్లకు వచ్చే రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, బండిది కాదు, మనిషిది. బీమా కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే కొత్త బండి సొంత నష్టం ప్రీమియంలో ఆ రాయితీ దక్కుతుంది. చాలామంది దీన్ని అడగకుండా వదిలేస్తారు.

కొన్నది స్కూలు టీచరుగా పనిచేసే ఒక యువకుడు. హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్లాలని ఆయన కోరిక. సామాను చట్రాలు, జెర్రీ క్యాన్ ఫ్రేము మాస్టారు ఉచితంగా ఇచ్చారు. షాక్ ఎప్పుడు బిగించాలో, తిరిగొచ్చాక ఎందుకు వదులు చేయాలో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు.

కొన్ని నెలల తర్వాత

భుజం నొప్పి పూర్తిగా పోలేదు. వ్యాయామం చేసిన వారాల్లో బాగుంటోంది, మానేస్తే తిరగబెడుతోంది. బండి మారడం వల్ల నయమైందని నేను చెప్పను. కొత్త దెబ్బ తగలకుండా ఆగింది, అంతే. బండి ఒక్కసారి కూడా పడలేదు.

అమ్మగారు మళ్లీ ఎక్కుతున్నారు. చీర గార్డు, పక్కగా కూర్చుంటే కాళ్లు పెట్టుకునే మెట్టు బిగించాం. అయితే దూరం వెళ్లేటప్పుడు రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోమని, హెల్మెట్ తప్పనిసరని ఇద్దరికీ గట్టిగా చెప్పాను. పక్కగా కూర్చున్న మనిషితో బండి ఒకవైపు బరువుగా లాగుతుంది, ఘాట్‌లో అది మంచిది కాదు. ఇప్పుడామె అరకు వెళ్లేటప్పుడు చుడీదార్ వేసుకుంటున్నారు. అరసవల్లి కూడా వెళ్లివచ్చారు. వెనక షాక్‌ను ఇద్దరి బరువుకు ఒక మెట్టు బిగించడం, తిరిగొచ్చాక వదలడం మాస్టారే చేసుకుంటున్నారు. చైన్ బిగువు చూసుకోవడం, నూనె పెట్టడం కూడా నేర్చుకున్నారు.

ఫిర్యాదులు రెండు ఉన్నాయి. వాన తర్వాత వెనక డ్రమ్ కీచుమంటోంది. దుమ్ము దులిపి షూలు గీకితే తగ్గుతోంది. రెండోది సీటు. గంటన్నర దాటితే నడుము పట్టేస్తోందన్నారు. సీటు మార్చే ముందు హ్యాండిల్ కోణం, కూర్చునే తీరు చూద్దామన్నాను. హ్యాండిల్‌ను నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి తిప్పాక కొంత మెరుగు. గంటకోసారి ఆగడం అలవాటు చేసుకున్నారు.

ఏడాదికోసారి ఒక పరీక్ష పెట్టుకోవాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆయన ఇంటి ముందు అదే వాలులో ఇద్దరూ ఎక్కి ఆగాలి, ఎడమ కాలి మీద నిలబెట్టాలి, ఆమె దిగాలి, బండిని చేత్తో తిప్పి ర్యాంపు ఎక్కించాలి. ఇందులో ఏ ఒక్కటైనా శ్రమగా అనిపించిన ఏడాది ఘాట్ ప్రయాణాలు ఆపేసి, స్కూటరు గురించి మాట్లాడుకోవాలి. మొదటి పరీక్ష ఈ దసరా తర్వాత.